తడిగుడ్డలో చుట్టిన గులాబీలు

మన దేశం వదిలి వచ్చిన ఏడాదికి, రెండు వేల పదిహేనులో, మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక పెద్దావిడ దగ్గర పనికి చేరాను. పెళ్లికూతురు చేత పట్టుకున్న పూలగుత్తిని విడదీసి, కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి, ఫ్రేము కట్టి ఇవ్వడం ఆవిడ పని. ఇంటి గరాజే షాపు. పెళ్లిదండల్ని మర్నాటికల్లా తీసి పారేసే ఇంట్లో పెరిగిన నాకు వాడిపోయే పూలకి ఇంత సేవ ఏమిటో అర్థమయ్యేది కాదు. అయినా ఏడాది పాటు రెజ్యూమెలు పంచి అలిసిపోయిన నాకు ఏ పనైనా మహాప్రసాదమే.

చేరిన రెండో వారం, ఆదివారం సాయంత్రం, ఒకమ్మాయి ముందురోజు జరిగిన తన పెళ్లి పూలు తెచ్చింది. తెల్ల గులాబీలు. మనురేవాలో తమ ఇంటి పెరట్లో వాళ్ల నాన్న పెంచిన మొక్కలవి. ఆయనే కోసి గుత్తి కట్టాడట. ఆయనకి క్యాన్సర్, అందుకే పెళ్లి ముందుకు జరిపామని చెప్పింది. మా ఓనరమ్మ ఊళ్లో లేదు. ఫోన్ చేస్తే, "చల్లటి చోట పెట్టు, పొద్దున్నే వస్తాను" అంది.

పూలు దాచడం నాకొకరు చెప్పాలా? మల్లెపూలు వాడకుండా ఎలా ఉంచాలో చిన్నప్పటినుంచీ చూస్తున్నదాన్ని. నీళ్లు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి, ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున ఆవిడ వచ్చేలోపు గుడ్డ విప్పి సిద్ధంగా ఉంచాను. "ఇప్పుడే కోసినట్టున్నాయే!" అని ఆవిడ ముచ్చటపడుతుంటే నేనూ పొంగిపోయాను. ఒక్కో గులాబీని సగానికి కోసి, కాగితాల మధ్య పేర్చి, చెక్కల మధ్య పెట్టి మరలు బిగించింది.

తర్వాత టీ తాగుతూ, మాటవరసకి అన్నట్టు చెప్పింది. "ఈ పనికి నీళ్లే శత్రువు. రేకుల మధ్య ఒక్క చుక్క మిగిలినా లోపల కుళ్లిపోతుంది. ఇవి తడవలేదుగా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "లేదు" అన్నాను.

నాలుగు రోజులు ఆగి కాగితాలు మార్చాలి. అంతవరకూ తెరవకూడదు. ఆ నాలుగు రోజులూ తేలుకుట్టిన దొంగలా తిరిగాను. ఆవిడ ఆ చెక్కల వైపు నడిస్తే చాలు, ఏదో ఒక పని వంకతో ఇటు పిలిచేదాన్ని. అన్నం సహించలేదు. మా ఆయనతో చెప్తే, "ఈ జాబ్ పోతే ఇంకోటి ఎప్పటికి దొరుకుద్దో! నువ్వు సైలెంట్‌గా ఉండు" అన్నాడు. నాకు కావలసిన సలహా కూడా అదే.

మూడో రోజు ఫోన్ మోగితే నేనే ఎత్తాను. ఆ పెళ్లికూతురు. "రాత్రి నాన్న పోయారు" అంది. "ఆ పూలు జాగ్రత్తగా చూస్తారు కదూ?"

చూస్తామన్నాను. ఫోన్ పెట్టేశాక అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. అప్పటిదాకా ఉద్యోగం గురించే భయపడ్డాను. ఇప్పుడు ఆ అమ్మాయి గొంతు తల్చుకుంటేనే భయం వేసింది.

నాలుగో రోజు ఓనరమ్మ మరలు విప్పింది. పైకాగితం పూలకి అంటుకుపోయింది. లాగితే తెల్లగులాబీలన్నీ గోధుమరంగు ముద్దలు, వాటిమీద బూజు. ఒక్కటి కూడా మిగల్లేదు. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు నా వైపు తిరుగుతుంది అని చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ తిరగలేదు. "కాగితాలు సరిగ్గా ఆరాయో లేదో నేనే చూసుకోలేదు" అంది, తనలో తనే. నా ముందే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "తప్పంతా నాదేనమ్మా" అని చెప్పింది. అవతల ఏడుపు నాక్కూడా వినపడింది. నిజం చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. భయం వదల్లేదు.

ఫోన్ పెట్టేసి, కళ్లజోడు తీసి, చాలాసేపు తన చేతుల వంక చూసుకుంది. తర్వాత పువ్వుల్ని ఎత్తే సన్నటి పట్టకారు నా ముందుకు జరిపింది.

"నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ఇకనుంచి గులాబీలు నువ్వే చెయ్యి. నువ్వైతే జాగ్రత్తగా ఉంటావు."

నేను పట్టకారు తీసుకున్నాను.