ఎలోయిసా ఇంటి నీలం పూలు
స్పెయిన్‌లోని కోర్దొబాలో నదికి దగ్గరగా ఉన్న సాన్ బసీలియో పేటలో పుట్టిన ఫుయెన్సాంతకు తల్లి నుంచి మండువా ఇల్లు వచ్చింది. తెల్లసున్నం గోడల నిండా జెరేనియం పూల కుండీలు. పొడుగాటి కర్రకు డబ్బా కట్టి, పై వరసలకు తనే నీళ్లు పోసేది. మే నెలలో జరిగే పూలమండువాల పోటీకి ముప్ఫై ఏళ్లుగా తలుపులు తెరుస్తున్నా, ఒక్కసారే ప్రోత్సాహక బహుమతి దక్కింది.

పన్నెండేళ్ల కిందట ఎదురింట్లోకి ఎలోయిసా వచ్చింది. కొండ ఊరి మనిషి, భర్త పోయాడు. వచ్చిన నాలుగో ఏడే ఆమెకు మొదటి బహుమతి. ఆ తర్వాత మరో రెండు. ఆమె ఇల్లు చూడడానికి నిలబడ్డ యాత్రికులు ఫుయెన్సాంత గోడకే ఆనుకునేవారు.

"మన గోడ నీడ కావాలి, మన పూలు అక్కర్లేదు వీళ్లకి," అంది ఫుయెన్సాంత తన భర్త అసిస్క్లోతో.

"పోనీలేవే. ఆవిడ మనిషి మంచిది."

"నవ్వుతుందిగా, నీకు మంచిదే."

కిందటేడు ఏప్రిల్‌లో ఎలోయిసా మెట్ల మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రికి ఫుయెన్సాంతను పిలిపించి తాళంచెవి చేతిలో పెట్టింది.

"ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. మొక్కల దగ్గర నీ చేతివాసి నాకు తెలుసు."

ఫుయెన్సాంత రెండు రోజులు శ్రద్ధగానే నీళ్లు పోసింది. మూడో రోజు ఎండ మండిపోతోంది. మూలనున్న హైడ్రేంజియా పూగుత్తుల నీలం తన ఇంట్లో ఏ కుండీకీ లేదు. నీళ్లు పొయ్యకుండానే డబ్బా దించి, తలుపేసి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే పరుగెత్తింది. హైడ్రేంజియాల ఆకులన్నీ వేలాడిపోయాయి. కుండీలను తొట్టి నీళ్లలో ముంచితే నాలుగు తేరుకున్నాయి, రెండు తేరుకోలేదు. ఆ ఖాళీల్లో తన ఇంట్లోని రెండు మేలైన ఎర్ర జెరేనియంలు తెచ్చి పెట్టింది. ఎందుకు పెట్టిందో తనకే సరిగా తెలియదు.

మే పోటీకి ఆ ఇంటి తలుపులు కూడా ఫుయెన్సాంతే తెరిచింది. మొదటి బహుమతి ఎలోయిసాకే వచ్చింది. చంకకర్రలతో ఇంటికి చేరగానే ఆమె చూపు ఆ మూలకే పోయింది.

"నీలంవి రెండు ఏవి?"

"ఒకరోజు నీళ్లు పొయ్యలేదు. చచ్చిపోయాయి."

"మర్చిపోయావా?"

"లేదు."

ఎలోయిసా మూతి బిగించుకుని, చంకకర్ర కొసతో ఎర్ర కుండీలను చూపించింది.

"ఇవి నా దగ్గరే ఉంచు. వచ్చే ఏడు నీళ్లు పోసే ఓపిక నాకుండదు. నువ్వే వచ్చి పొయ్యి."

ఫుయెన్సాంత తలూపింది. అప్పటినుంచి రెండిళ్ల మొక్కలకూ తనే నీళ్లు పోస్తోంది.

మరుసటి మేలో జనం ఆ ఎర్రపూల ముందే ఆగి ఫోటోలు తీసుకున్నారు. ఎదురింటావిడ పెంచినవి అని ఎలోయిసా చెబుతూనే ఉంది. వాళ్లు తల తిప్పి చూసి నవ్వి, మళ్లీ ఎలోయిసా వైపే తిరిగారు. తన గుమ్మంలో నిలబడ్డ ఫుయెన్సాంతకు, ఎదురింటికి పేరు తెచ్చిపెడుతున్న తన పూల మీదే ఒళ్లు మండింది.