తరిగొప్పులలో నేను కొట్టిన దరువు

విశ్వవిద్యాలయంలో తాళవాద్యాలు నేర్పుతాను. చాలా దేశాల్లో వాయించాను. పరిశోధన కోసం తరిగొప్పుల వెళ్లినప్పుడు డప్పు కళాకారుడు మల్లయ్య గడ్డిమంట మీద కాచిన తన డప్పు నా చేతికిచ్చాడు. రికార్డింగులు విని నేర్చుకున్న చావుదరువు హుషారుగా అందుకున్నాను.

నిమిషంలో ఎదురింటి అవ్వ చెప్పులైనా వేసుకోకుండా ఉరికొచ్చింది.

"ఎవలు పోయిండ్రు మల్లయ్యా?"

మల్లయ్య గబుక్కున డప్పు తీసుకుని పెళ్లిదరువు ఎత్తుకున్నాడు. "ఎవలు పోలేదవ్వా, సారు నేర్సుకుంటుండు!"

అవ్వ గుండె మీద చెయ్యేసుకుని నవ్వింది. "మంచిగనే కొట్టిండు గని, నా పానం పోయినంత పనైంది."

నా వాయింపుకు లేచి నిలబడి చప్పట్లు కొట్టిన సభలున్నాయి. చెప్పులు మరిచి పరుగెత్తుకొచ్చింది మాత్రం ఆ అవ్వ ఒక్కతే.