ఎర్ర కుందేలు గోడ

చాయ్‌పత్తి పొట్లం కత్తిరించగానే వచ్చే వగరు వాసనకు ఇప్పటికీ నా కళ్లముందు ఒక ఎర్ర కుందేలు చెవులు నిక్కబొడుచుకుని నిలబడుతుంది. పొట్లం మీద ఇప్పుడున్నది వేరే బొమ్మ.

మా ఊరు పెద్దపల్లి నుంచి మంథని పోయే బస్సు తోవలో ఉంది. నా ఎనిమిదో ఏట (తొమ్మిదంటాడు తమ్ముడు, వాడి లెక్క తప్పు), వరికోతలయ్యాక, మైకు కట్టిన జీపు ఒకటి వచ్చి, ఇంటింటికీ చాయ్‌పత్తి ఉచితంగా పంచి, రోడ్డువైపున్న మా గోడ మీద మనిషెత్తు కుందేలును గీయించి పోయింది. అంతవరకు పొద్దున్నే అంబలి తాగిన వాడకట్టంతా చాయ్ మరిగింది. చదువు రాని ఆడవాళ్లు దుకాణంలో "కుందేలుది ఇయ్యి" అనేవాళ్లు. ఖాళీ పొట్లాల మీది కుందేళ్లను కత్తిరించి, గచ్చు మీద వరుసగా నిలబెట్టి ఊదితే, ఎవరిది ముందు పడితే వాళ్లు ఓడినట్టు.

మరుసటి ఏడు క్రిస్మస్‌కు, మా చర్చివాళ్లందరిలాగే అవ్వ ఇంటికి సున్నం వేసింది. అమ్మను మేం అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. ఆమె సున్నం వేస్తే మచ్చ మిగలకూడదు. పండుగ ముందురోజు పొద్దున కుందేలు మీద కూడా పూత మీద పూత వేసింది. ఆసిఫాబాద్ నుంచి బాపు తల్లి, మా బాపమ్మ, ఆ మధ్యాహ్నమే వస్తుందని అందరికీ తెలుసు. చూపు మసకైన ఆమె ఆ కుందేలును చూసే బస్సు దిగుతుందన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు. సకినాలు వేగుతున్న వాసనలో, రోడ్డు మీద నిలబడ్డ మా ముందునుంచే, కిటికీలో బాపమ్మను కూచోబెట్టుకుని బస్సు ఆగకుండా పోయింది. అవ్వ చేతిలో జల్లిగరిటె అలాగే ఉండిపోయింది. బాపు సైకిలెక్కి మంథని దారి పట్టాడు.

పొద్దు వాలకముందే సైకిలు వెనక కూర్చుని వచ్చింది బాపమ్మ, దిగకముందే తిట్లు.

"కుందేలు రాంగనే నేనే చెప్త అన్న కండక్టర్‌కు! ఎంతకూ రాదాయె. ఇల్లు అమ్ముకున్నరనుకున్న గదరా!"

అవ్వ ఎర్రమట్టి జాజు కలిపి తెచ్చింది. వేపపుల్ల నమిలి కుంచె చేసుకుని బాపు గీస్తుంటే, బాపమ్మ మంచంలో కూచొని సకినాలు కొరుకుతూ వంక పెట్టింది.

"గవి చెవులారా, కొమ్ములా? గాడిద లెక్కున్నది."

"నీకు కనవడ్తే సాలు తియ్యే అవ్వా!" అన్నాడు బాపు.

ఆ గాడిద కుందేలుకు ఏటా చుట్టూ సున్నం వేసి, లోపల జాజు దిద్దేది అవ్వ.

ఆ చాయ్‌పత్తి కంపెనీ మూతబడింది, రోడ్డు వెడల్పులో గోడ పోయింది, ఆ ముగ్గురూ పోయారు. మొన్న బస్సులో మా ఊరు దగ్గరపడుతుంటే, నా మనవరాలి ఈడు కండక్టరమ్మ కేకేసింది: "కుందేలు గోడోళ్లు ముందటికి రాండ్రి!"

సంచీ సర్దుకుని లేచాను.