టముకు ఆగే గుమ్మం

మా ముత్తాత జమీ కచేరీలో పేష్కారు. తాతగారు తిరువూరుకు మునసబు. ఊరి తగవులన్నీ మా అరుగు మీదే తీరేవి. ఆ ఇంటి పిల్లనైన నాకు పిలవకుండా ఎవరి గడపా తొక్కే అలవాటు ఇప్పటికీ లేదు.

మునసబు గుమ్మం ముందు టముకు కొట్టకూడదన్నది ఆ రోజుల నాటి మర్యాద. ఊరికి చాటే కబురు బయల్దేరేదే మా అరుగు మీంచి. దాన్ని తిరిగి మాకే చాటడమేమిటి? అందుకని టముకు మనిషి మా ప్రహరీ మొదట్లో చెయ్యి ఆపి, ప్రహరీ దాటాక మళ్లీ మొదలుపెట్టేవాడు. తాతగారు పోయారు, మునసబీ ఇంకో ఇంటికి పోయింది, పొలాలు పోయాయి. డెబ్బైల నాటికి మాకు మిగిలింది ఇల్లూ, వెనక తోటా, అందులో బావీ. టముకు మాత్రం మా గుమ్మం దగ్గర ఆగుతూనే ఉంది.

కూలీల్ని పిలిచే తాహతు పోయాక తోట బోసిపోయింది. ఒక వానాకాలం అందులో కొత్త మొక్క ఏదో లేచింది. చామంతి ఆకులాంటి ఆకు, సన్నటి తెల్లపూలు. చూస్తుండగానే నడుం ఎత్తు పెరిగింది.

"రోడ్డు మీంచి చూస్తే తోట ఎంత నిండుగా ఉందో చూశావా అమ్మాయ్," అంది అమ్మ. ఎన్నాళ్లకో ఆమె వెనక తలుపు బార్లా తెరిచి పెట్టింది. నాన్న సాయంత్రాలు అక్కడే కుర్చీ వేయించుకునేవారు.

ఆ రోజుల్లోనే పంచాయతీ టముకు వేయించింది. పై వీధిలో మోత వినిపించింది, మా దగ్గర ఆగింది, కింది వీధిలో మళ్లీ వినిపించింది. మాటలు మాకు అందలేదు. నాన్న ఎవర్నీ అడగలేదు. అడిగే మనిషి కాదాయన.

కొద్ది రోజులకు పంచాయతీ గుమాస్తా, కొడవళ్లు పట్టిన ఇద్దరు మనుషులతో మా గేటు దగ్గరికొచ్చాడు. వాళ్ల వెనక టముకు మనిషి.

"ఈ వయ్యారిభామ కలుపు పూతకు రాకముందే పీకి తగలబెట్టమని చాటించామండి," అన్నాడు గుమాస్తా. "మీ విత్తనం గాలికి పక్కవాళ్ల పత్తి చేలో పడుతోంది. పీకనివాళ్ల దొడ్లో మా మనుషులే దిగుతారు."

"నాకెవరూ చెప్పలేదు," అన్నారు నాన్న.

"ఊరంతా చాటించామండి!"

టముకు మనిషి గొంతు తగ్గించి, "అయ్యగారి గుమ్మంలో ఎట్టా కొడతానండి? మా నాన్న కొట్టలేదు, నేనూ కొట్టలేదు," అన్నాడు.

కొడవలి పట్టినవాడొకడు నవ్వాడు. "వయ్యారిభామకి నీ మర్యాదలు తెలీవుగా మావా! తిన్నగా లోపలికొచ్చి కూర్చుంది."

నాన్న నవ్వలేదు. "మా తోటలో పంచాయతీ మనుషులు దిగరు. మేమే తీయించుకుంటాం," అని గేటు వేశారు.

తీయడానికి ఎవరున్నారు? పుట్టాక ఏనాడూ కలుపు మొక్క ముట్టని మనిషి, రోడ్డు మీద జనం లేని వేళ చూసి, దొడ్డి తలుపు గడియ పెట్టుకుని వట్టి చేతులతో పీకడం మొదలుపెట్టారు. అమ్మనీ నన్నూ రానివ్వలేదు. పీకిందంతా బావి పక్కన కుప్ప పోశారు. తగలబెడితే పొగ లేస్తుందనీ, మునసబు కొడుకు చెత్త కాల్చుకుంటున్నాడని వీధి అనుకుంటుందనీ అలాగే వదిలేశారు. మోచేతుల దాకా చర్మం ఎర్రగా పొంగి రసి కారింది. ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని బజారుకు వెళ్లేవారు. అమ్మ వేపాకు నూరి రాస్తుంటే, "ఎవరికైనా చెప్పావా?" అని మాత్రం అడిగేవారు.

కుప్ప ఎండి విత్తనం రాలింది. మరుసటి తొలకరికి తోటంతా మళ్లీ మొలిచింది, ముందుకంటే చిక్కగా.

టముకూ మళ్లీ వచ్చింది. ఆ మనిషి మా ప్రహరీ మొదట్లో చెయ్యి ఆపాడు. నాన్న అరుగు దిగి గేటు దాకా వెళ్లారు.

"ఇక్కడా కొట్టు."

"వద్దండి అయ్యగారూ. మీకు విడిగా చెబుతా."

"కొట్టమంటున్నాను కదరా!"

అతను తల ఎత్తకుండా, మెల్లగా కొట్టాడు. పీకనివాళ్ల దొడ్లో పంచాయతీ మనుషులు దిగుతారన్న కబురు మొత్తం చెప్పాడు. నాన్న నిటారుగా నిలబడి చివరిదాకా విన్నారు. ఆ చేతులతో ఇంకోసారి పీకలేరని మాకందరికీ తెలుసు. లోపలికొచ్చి అమ్మతో, "వాళ్లు దిగే నాటికి అది మనది కాకూడదు," అన్నారు.

ఆ వారంలోనే తోటను, బావితో సహా, పొరుగూరు వినగడప రైతుకు అమ్మేశాం.