ఇసుక అక్షరాల టీచరుగారు

మా బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెప్పిన టీచరుగారు గత నెలలో పోయారు. మచిలీపట్నంలో ఉద్యోగం చేసే వాళ్ళమ్మాయి గుడివాడలో ఉన్న నాకు ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయిందండీ. కబురు చెప్పాల్సినవాళ్ళ పేర్లు అమ్మే రాసిపెట్టింది, అందులో మీరున్నారు" అంది. ఆ పేర్లలో నా పేరు ఉండాల్సింది కాదు. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పదేళ్ళ కిందట నాగాయలంకలో ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడికి నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. పిల్లలు 'ఎమ్ ఏ టి మ్యాట్' అని కంఠస్థం చేసేవాళ్ళు. అదే మాట పుస్తకంలో మరో పేజీలో కనిపిస్తే నోరు మెదిపేవాళ్ళు కాదు. టీచరుగారు వచ్చాక అక్షరాల పేర్లు పక్కన పెట్టి, ముందు వాటి శబ్దాలు నేర్పడం మొదలుపెట్టారు.

పాలకాయతిప్ప బీచ్ నుంచి ఇసుక తెచ్చి, ఉప్పు పోయేదాకా కడిగి, ఆరబెట్టి, టీ జల్లెడతో జల్లించేవారు. అట్టముక్కల మీద జిగురుతో అక్షరం రాసి దానిమీద ఆ ఇసుక చల్లేవారు. పిల్లలు ఆ గరుకు మీద వేలు పోనిస్తూ శబ్దం పలకాలి. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు చేసే తన చెల్లెలు ఇచ్చిన చిన్న పెట్టెల్లో ఒక్కో శబ్దం అట్టల్ని విడిగా దాచేవారు. అవన్నీ ఒక రేకుపెట్టెలో ఉండేవి. "కన్ను మర్చిపోయినా వేలు మర్చిపోదండీ" అనేవారు.

నాగమణి అని చేపలమ్ముకునేవాళ్ళ అమ్మాయి రెండో ఏడు కూడా ఒకటో తరగతిలోనే ఉండిపోయింది. మొండిపిల్ల అని నేనే రిజిస్టరులో రాశాను. టీచరుగారు అది చూసి, "మొండితనం కాదు మేడమ్, భయం. తప్పు చదివితే నవ్వుతారని నోరు కట్టేసుకుంది" అన్నారు. రోజూ బడి వదిలాక అరగంట ఆ పిల్లని పక్కన కూచోబెట్టుకునేవారు. ఒకరోజు వరండాలో వెళ్తూ విన్నాను. నాగమణి 'మ్... యా... ట్' అని విడివిడిగా పలికి, ఆగి, నెమ్మదిగా 'మ్యాట్' అంది. లోపలికి వెళ్ళి ఒక మంచి మాట చెప్పలేదు నేను.

ఆ తర్వాత వారమే తల్లిదండ్రుల మీటింగ్. రొయ్యల చెరువులున్న ఒకాయన లేచాడు. "మేడమ్, మా పాప ఏబీసీడీలు మర్చిపోయిందండీ. ఎస్ అనమంటే పాములాగా స్స్ అంటోంది. ఇదేం చదువండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీచరుగారు ఒక అక్షరం అట్ట చేతిలోకి తీసుకుని ఏదో చెప్పబోయారు. ఆమె చేతిలోంచి దాన్ని తీసేసుకుని, "ఇకనుంచి ఈ ఆటలేవీ ఉండవండీ" అని వాళ్ళందరికీ మాటిచ్చాను.

ఆమె ఆఫీసు గదికి వచ్చి, "ఒక్క నెల ఇవ్వండి మేడమ్. నాగమణి ఇప్పుడిప్పుడే కలిపి చదువుతోంది" అన్నారు.

"పిల్లల్ని మాన్పించేస్తే బడి మీరు నడుపుతారా?" అన్నాను.

ఆమె చెప్పేది నిజమని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆ శనివారమే ఆమె మానేశారు. రేకుపెట్టె బరువని, తర్వాత తీసుకెళ్తానన్నారు. ఏడాది తిరక్కుండా నాగమణి కూడా మానేసింది.

వేసవిలో గదులు ఖాళీ చేయిస్తూ, ఆ పెట్టెని పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యమని బడి ఆయమ్మతో చెప్పాను.

బడి తెరిచాక టీచరుగారు ఫోన్ చేశారు. "ఇంటికి నలుగురు పిల్లలొస్తున్నారు మేడమ్. నాగమణి కూడా వస్తోంది. పెట్టె పంపిస్తారా?"

"స్టోర్ రూమ్‌లో ఉండాలి. వెతికిస్తాను" అన్నాను. నెల తర్వాత మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే అబద్ధం చెప్పాను. మూడోసారి చేసినప్పుడు ఆమే, "దొరక్కపోతే పర్లేదులెండి. కొత్తవి చేసుకుంటున్నాను, మీరు శ్రమపడకండి" అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత రిటైరై గుడివాడ వచ్చేశాను. ఆమెకి ఒంట్లో బాగాలేదని రెండేళ్ళ కిందటే తెలిసింది. నాగాయలంక వెళ్ళడం ఎంతసేపు? వెళ్ళలేదు.

పెదకర్మకి నాగాయలంకలో వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక వాళ్ళమ్మాయిని పక్కకి పిలిచి, "ఆ రేకుపెట్టె గురించి అమ్మతో నేను..." అని మొదలుపెట్టాను.

"అమ్మకి తెలుసండీ" అంది. "రెండోసారి మీకు ఫోన్ చేశాక ఆయమ్మ కనపడి చెప్పిందట."

అంటే ఆ మూడో ఫోను పెట్టె కోసం కాదు. ఇంక నేను అబద్ధం చెప్పక్కర్లేకుండా చెయ్యడానికి చేశారు. అది అర్థమయ్యాక అక్కడ నిలబడలేక వీధి అరుగు మీదికి వచ్చేశాను.

అక్కడ నాగమణి ఉంది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నన్ను గుర్తుపట్టి, "బాగున్నారా మేడమ్" అంది, అంతే. దాని ముందు ఇద్దరు పిల్లలు కూచున్నారు. చిన్నది పుస్తకం చూడనని తల తిప్పుకుంది. నాగమణి పుస్తకం మూసేసి, "కళ్ళు మూసుకో" అంది. ఆ పాప అరచేతిలో వేలితో నెమ్మదిగా ఒక అక్షరం రాసింది.

పాప కాసేపు ఆలోచించి, పెదాలు బిగించి, "మ్" అంది.

నాగమణి చెయ్యి వదిలేసింది. పాప కళ్ళు తెరవలేదు. రెండో అరచెయ్యి కూడా చాపింది.