నేరం మిరపకాయలది కాదు

విజయనగరంలో మా అత్తవారిది ఎండుమిర్చి వ్యాపారం. కింద గోదాము, పైన ఇల్లు. మెట్లెక్కే చుట్టం ఎవరైనా సరే, తుమ్మకుండా గడపలో అడుగు పెట్టలేడు. ఆ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా నేరం మిరపకాయల మీదికే పోతుంది. కళ్లు మండినా మిరపకాయలే, కడుపు మండినా మిరపకాయలే. అందుకే పెళ్లయిన కొత్తలో మా ఆయనకి ఒంటేలుకి వెళ్తే మంట మొదలైందంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. రోజంతా బస్తాల మధ్య కూర్చునేవాడికి వేడి చెయ్యక చలవ చేస్తుందా అన్నారు.

ఆయన అంటున్నాను గానీ, నాకు చిన్నప్పటి నుంచీ బావే. మాది మేనరికం. మా అత్త నాన్నకి సొంత అక్క. ఆవిడకి ఒక్కడే కొడుకు. మామయ్య పోయి చాలా ఏళ్లయింది. వ్యాపారం, ఇల్లు, కొడుకు అన్నీ ఆవిడే మోసుకొచ్చింది. వేడి చేసిందనగానే బార్లీ కాచింది, సబ్జా గింజలు నానబెట్టింది, కొబ్బరి బోండాలు గెలలకి గెలలు దింపించింది. నేను గ్లాసులు పట్టుకుని కొట్లోకి తిరిగాను. బావ బుద్ధిగా తాగేవాడు. తాగిన కాసేపటికే పెరట్లోకి పరిగెత్తేవాడు. వచ్చేటప్పుడు మొహం చిట్లించుకుని వచ్చేవాడు.

బట్టలుతికేది నేను. బావ లోబట్టల మీద పచ్చటి మరకలు కనిపించాయి. అవి ఒంటేలు మరకలు కావు, చీము మరకలు. వేడి చేస్తే మంటెత్తుతుందేమో గానీ చీమెందుకు కారుతుంది? అడిగితే చేతిలో బట్ట లాక్కుని, నీకెందుకే అన్నాడు. ఎప్పుడూ నన్ను బతిమాలే మనిషి అలా అన్నాడంటే ఏదో ఉందని నాకు అప్పుడే తెలిసింది.

గట్టిగా నిలదీద్దామనుకునేలోగా ఆషాఢం వచ్చిపడింది. నాన్న వచ్చి నన్ను శ్రీకూర్మం తీసుకుపోయాడు. కొత్త కోడలు ఆషాఢంలో అత్తతో కలిసి ఒక గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తవారింట అడుగు పెట్టకూడదు. మా పెద్దలు ఈ విషయంలో కచ్చితంగా ఉంటారు. ఆ కొత్త జంటే దొంగచాటుగా ఎక్కడో కలుసుకున్నారని తెలిస్తే మాత్రం అదే పెద్దలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటారు. నియమం ఎంత పాతదో ఆ దొంగతనమూ అంత పాతదే.

పుట్టింట్లో పనేముంది? మధ్యాహ్నాలు మేడ మీద కూర్చుని ఫోనులో వెతికాను. ఒంటేలు వచ్చే నాళానికి వాపు వస్తుందట. మంట, దురద, చీము, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, ఇవన్నీ దాని గుర్తులట. చాలాసార్లు పడక మీద ఒకరి నుంచి ఒకరికి అంటుకునే క్రిముల వల్లే వస్తుందట. మా ఊళ్లో ముసలివాళ్లు గొంతు తగ్గించి సెగరోగం అనేది దీన్నేనని అర్థమైంది. అంతవరకూ బాగానే చదివాను. ఆడవాళ్లలో చాలామందికి పైకి ఏమీ కనిపించదని, లోపల మాత్రం అది గర్భసంచి దాకా పాకి పిల్లలు పుట్టకుండా చెయ్యగలదని చదివి ఫోను పక్కన పెట్టేశాను. నాకేమీ లేదు కదా అని అప్పటిదాకా ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు ఆ ఏమీ లేకపోవడమే భయపెట్టింది. నాకు పిల్లలంటే పిచ్చి. ఒకరు కాదు, ఇల్లు పీకి పందిరెయ్యడానికి కనీసం ముగ్గురు కావాలని పెళ్లి మాటల నాడే బావతో చెప్పినదాన్ని. ఆ ముగ్గుర్నీ ఒక చీము మరకకి వదులుకోదలచుకోలేదు.

ఆ వారంలోనే బావ ఫోను చేశాడు. తెలిసినవాడి మందుల కొట్లో మాత్రలు తీసుకుని ఒకటి రెండు వేసుకున్నాడట, దానికి అమ్మ బార్లీ కూడా తోడై మంట పోయిందట. ఇక మనం కలుసుకోవచ్చన్నాడు. భావనపాడు సముద్రం దగ్గరైతే చుట్టాలెవరూ చూడరన్నాడు. సరే, శ్రీకాకుళం బస్టాండుకి రా, అక్కణ్నుంచి వెళ్దామన్నాను. జాకెట్టు గుడ్డ కొనుక్కోవాలని అమ్మతో చెప్పాను. ఏ కొట్టు అని అమ్మ అడగలేదు. మంచి చీర తీసి చేతికిచ్చి, నిదానంగా రమ్మంది.

బావ కొత్త చొక్కా, సెంటు వాసనతో దిగాడు. భావనపాడు వైపు బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా కనుక్కుని వచ్చాడు పాపం. సముద్రం ఎక్కడికీ పోదని, ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నామని చెప్పాను. ఆస్పత్రి గుమ్మందాకా గొణుగుతూనే వచ్చి, మెట్ల దగ్గర మొరాయించాడు.

"నాకు తగ్గిపోనాది. నీకేటీ లేదు. మరెందుకే నలుగుర్లో పరువు తీస్తావు?"

"నాకేటీ లేదని నీకెలగ తెలుసు బావా? నాకే తెలీదు."

అతను మెట్టు మీద కాలు పెట్టలేదు. నాకు అరవాలనిపించింది. అరిస్తే బావకి సాకు దొరుకుతుంది. అందుకని నెమ్మదిగానే చెప్పాను.

"నువ్వీ మెట్లెక్కితేనే నాకు శ్రావణం వస్తాది. లేపోతే మా నాన్నింటి కాడ నాకెప్పుడూ ఆషాఢమే. నీ ఇష్టం."

ఎక్కాడు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. మా ఇద్దర్నీ చూసి వింతపడలేదు, నీతులూ చెప్పలేదు. ముందు కలిపి, తర్వాత విడివిడిగా అడిగింది. మంట తగ్గినంత మాత్రాన క్రిమి చచ్చినట్టు కాదని, సగం మాత్రలు మింగి మానేస్తే అది మొండికెత్తుతుందని చెప్పింది. ఒకరికే వైద్యం చేస్తే తగ్గినవాళ్లకి రెండోవాళ్లు మళ్లీ అంటిస్తారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి మందులు వాడాలంది. మాత్రలు పూర్తయ్యాక ఇంకో వారం దాకా ఒకరి పక్కన ఒకరు పడుకోవద్దంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని బావ అడిగాడు. ఆ గొంతులో అనుమానం లేదు, భయం ఉంది. అది నెలల తరబడి చప్పుడు చెయ్యకుండా ఉండగలదనీ, ఎప్పుడు వచ్చిందో తాను చెప్పలేననీ, ఎలా పోగొట్టాలో మాత్రం చెప్పగలననీ అంది. ఒంటేలు, రక్తం పరీక్షలకి తీసుకున్నారు, లోపలి నుంచి దూది పుల్లతో కూడా తీశారు. ఫలితాలకి తర్వాత రమ్మన్నారు గానీ మందులు ఆరోజే మొదలుపెట్టించింది.

బయట బల్ల మీద కూర్చున్నాక బావే చెప్పాడు. పెళ్లికి ముందు మిరపకాయల కొనుగోలుకి పై ఊరు వెళ్లినప్పుడు, తోటి వ్యాపారులతో కలిసి ఒక ఆడమనిషి దగ్గరికి వెళ్లాడట. ఒక్కసారే అన్నాడు. నమ్మానా? సగం నమ్మాను. మిగతా సగం ఇప్పటికీ నమ్మలేదు. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. చిన్నప్పుడు నా పలకా బలపం దాచిపెట్టి ఏడిపించిన బావ ఇప్పుడు తనే ఏడుస్తుంటే జాలీ వేసింది. జాలి పడితే మందులు ఆగుతాయని కోపాన్నే పట్టుకుని ఉన్నాను. ఏడిస్తే రోగం పోదు, మంచినీళ్లు తాగి మాత్ర వేసుకోమన్నాను. తర్వాత ఎప్పుడైనా ఊరు వెళ్లి ఇలాంటి పని చేస్తే నాకు ఒంటి మీద తెలిసేలోపు నోటితో చెప్పాలని, లేదంటే కాపురం ఉండదని కూడా ఆ బల్ల మీదే చెప్పేశాను. తలూపాడు.

బయటికి వచ్చి చెరుకురసం తాగుతుంటే మా ఊరి పిన్ని ఒకావిడ చూసింది. ఒక్క నెల ఆగలేకపోయారా అని మేలమాడింది. బావ గ్లాసు కింద పెట్టి డబ్బులివ్వడానికి పోయాడు. నేను నవ్వాను. సాయంత్రానికల్లా మా వీధంతా తెలిసిపోయింది. అమ్మ ఏమీ ఎరగనట్టు బూరెలు వండింది. ఏమనుకుంటే అనుకున్నారు, ఆ పేరుతో రెండోసారి వెళ్లడానికి దారి సులువైంది.

రెండోసారి ఫలితాలు చేతికిచ్చారు. బావకి ఉంది. నాకూ ఉంది. ఒక్క మంట లేదు, ఒక్క మరక లేదు, అయినా ఉంది. త్వరగా వచ్చారు, ఇంకా పైకి పాకినట్టు లేదు, అని డాక్టరమ్మ అన్నప్పుడు మాత్రం అక్కడే కూర్చుని ఏడ్చాను. మిగిలిన ఆషాఢం మా ఇద్దరికీ పనికొచ్చింది. పెద్దలు ఎందుకు పెట్టారో గానీ, దూరంగా ఉండడానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకునే పని లేకపోయింది.

శ్రావణంలో విజయనగరం వచ్చేశాను. కొన్నాళ్లకి మళ్లీ పరీక్ష చేయిస్తే ఇద్దరికీ ఏమీ లేదన్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు బావ. అమ్మకి చెప్పొద్దని బతిమాలాడు. నేను అవుననలేదు, కాదనలేదు.

ఒకరోజు ఎదురింటి ఉల్లిపాయల కొట్టావిడ వచ్చింది. ఆవిడ కొడుక్కీ మంటట, మరకలట, వాడికీ కొత్తగా పెళ్లయింది. అత్త గర్వంగా డబ్బా దించి బార్లీ పొట్లం కట్టబోయింది. మా వాడికి దీనితోనే తగ్గిందని చెబుతోంది. నా వల్ల కాలేదు. ఆ ఇంటి కోడలు మేడ మీద బట్టలు ఆరేస్తూ మా కిటికీలోంచి కనిపిస్తోంది. ఇది వేడి కాదు పిన్నీ, అబ్బాయినీ కోడల్నీ ఇద్దర్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని పొట్లం తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఎదురింటావిడ ముందర తన మాట కొట్టేశానని అత్త నా మీద లేచింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. బావ వెళ్లిన ఊరు, చీము, నా ఫలితం, గర్భసంచి దాకా పాకడం, ఏదీ దాచలేదు. నన్ను తిడుతుందనుకున్నాను, లేదా కొడుకుని. ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. బార్లీ డబ్బా మూత తీసింది, మళ్లీ పెట్టింది.

"మీ మావకి గూడా వేడే సేసీది. సరుక్కని ఊరెల్లొచ్చినప్పుడల్లా. నాను బార్లీ కాసీదాన్ని, మిరపకాయల్ని తిట్టీదాన్ని." డబ్బా పక్కకి నెట్టింది. "మీ బావ తరవాత నాకు మరి కడుపు రాలేదు. మొక్కని దేముడు లేడు. నా కడుపే పాపిష్టిదనీసి మీ మావ రెండో పెల్లికి గూడా సూసినాడు. నానూ అలగే అనుకున్నానే."

అదే కారణమని నేను చెప్పలేను. ఇన్నేళ్లకి డాక్టరూ చెప్పలేకపోవచ్చు. ఆ మాటే అన్నాను. అత్త వినిపించుకోలేదు. చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుంది. ఆ చెయ్యి అక్కడ ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను, వయసొచ్చినావిడ నొప్పి అనుకున్నాను.

"ఇక్కడ ఇప్పటికీ పోటు పొడుస్తాది. ఆ డాకటరమ్మ నాలాటి ముసిలోల్లని సూస్తాదేటి?"

"సూస్తాది అత్తా. రేపొద్దున్న ఎల్దాం."

"మీ బావ అడుగుతాడు. ఏటి సెప్దాం?"

"నిజం సెప్దాం," అన్నాను.