నా ఫోన్‌లోకి రాని వీడియో

రాయపూర్ బయట ఒక ఇనుప కర్మాగారం టైమాఫీసులో చాలాకాలం పని చేశాను. నా పని మనుషుల హాజరు రాయడం. కానీ నా టేబుల్ దగ్గరికి హాజరు కోసం వచ్చినవాళ్ళకంటే ఫోన్లు పట్టుకుని వచ్చినవాళ్ళే ఎక్కువ.

అది బ్లూటూత్ కొత్తగా వచ్చిన రోజుల్లో మొదలైంది. మధ్యాహ్నం డబ్బాలు తెరిచే వేళకి ఎవరో ఒకరు వచ్చి, వాళ్ళ ఫోన్‌లోని పాట పక్కవాడి ఫోన్‌లోకి పోవడం లేదనేవారు. నేను రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని వెతికించి, అంకెలు కలిపించి పంపేవాణ్ణి. ఒక పాట వెళ్ళేలోపు నా అన్నం చల్లారిపోయేది. తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. పంపే పద్ధతులు మారాయి, పోకపోవడం మాత్రం మారలేదు. ఒకడికి వైఫై ఆఫ్‌లో ఉండేది, ఒకడికి లొకేషన్ ఆఫ్‌లో ఉండేది, ఇంకొకడు హాట్‌స్పాట్ వేసుకుని మరిచిపోయేవాడు. వెళ్ళిన ఫైలు ఎక్కడ పడిందో తెలియక మళ్ళీ నా దగ్గరికే వచ్చేవారు. మొదట్లో సరదాగా ఉండేది. నలభై అయిదు దాటాక, ఎవరైనా చేతిలో ఫోన్‌తో గుమ్మంలోకి వస్తుంటేనే కళ్ళు మూసుకోవాలనిపించేది.

మాది శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద ఇటు వచ్చిన కుటుంబం. నేను ఇక్కడే పుట్టాను. దేవేంద్ర నగర్‌లో అద్దె ఇంటి నుంచి ధర్సీవా దాటి ఫ్యాక్టరీకి బండి మీద రోజూ వెళ్ళి వచ్చేవాణ్ణి. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాళ్ళలో కొందరు మా జిల్లావాళ్ళు ఉండేవారు. తెలుగు మాట్లాడే బాబు టైమాఫీసులో ఉన్నాడని కష్టం వస్తే నా దగ్గరికి వచ్చేవారు.

అలా ఒక సోమవారం ఒకావిడ వచ్చింది. ఆవిడ భర్త మా రోలింగ్ షెడ్డులో కాంట్రాక్టరు కింద పని చేసేవాడు. అంతకు రెండు రోజుల ముందు, శనివారం, ఇనుప కడ్డీల కట్ట జారి అతని కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. అతన్ని ప్రభుత్వాసుపత్రిలో వరండాలో పడుకోబెట్టారు. కార్మికుల బీమా ఆసుపత్రిలో చేర్చుకోవాలంటే డ్యూటీలో దెబ్బ తగిలిందని ఫ్యాక్టరీ రిపోర్టు ఇవ్వాలి. కాంట్రాక్టరు మాత్రం, ఆ రోజు ఆ మనిషి పనికే రాలేదని, బయట రోడ్డు మీద లారీ దింపుతూ పడ్డాడని అంటున్నాడు.

"ఆయేళ మా ఇంటాయన డ్యూటీలోనే ఉన్నాడు బాబూ," అందావిడ. "ఇంకొకలు సెలవెడితే ఆళ్ళ బదులు ఎల్లాడు. నిస్టులో మా పేరు నేదంతన్నారు. నేకపోతే అక్కడ లేనట్టేనా?"

లిస్టు నా దగ్గరే ఉంది. తీసి చూశాను. ఆవిడ చెప్పింది నిజమే. సెలవు పెట్టినవాడి పేరే ఉంది, బదులు వచ్చినవాడి పేరు లేదు. కాంట్రాక్టు పనివాళ్ళు వేరే గేటు నుంచి, కాంట్రాక్టరు ఇచ్చిన లిస్టు ప్రకారం లోపలికి వస్తారు. అలా ఒకరి పేరు మీద ఇంకొకరు రావడం అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

"చూస్తానమ్మా," అన్నాను.

మర్నాడు మా మేనేజరు నన్ను పిలిచి మామూలు మాటల మధ్యలో ఒక మాటన్నాడు. "ఆ కాంట్రాక్టరు మనకి పాతవాడు. మధ్యలో నువ్వు వెళ్ళకు." సరేనన్నాను.

ఆ సాయంత్రమే, డ్యూటీ దిగే వేళకి, రోలింగ్ షెడ్డులో ఊడ్చే ఆడమనిషి ఒకామె సైకిల్ స్టాండు దగ్గర నన్ను ఆపింది. ధర్సీవా పక్క పల్లె ఆమెది. నలభై ఏళ్ళుంటాయి. కొత్తగా ఫోన్ కొనుక్కుని, శనివారం టీ వేళలో షెడ్డులో ఉన్నవాళ్ళందరినీ సరదాగా వీడియో తీసిందట. అందులో ఆ మనిషి ఉన్నాడు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని టీ తాగుతూ నవ్వుతున్నాడు. అతని వెనక గోడ మీద భద్రతా బోర్డు, దాని మీద సుద్దతో ఆ రోజు తేదీ.

"ఇది మీరు సాహెబుకి చూపించండి," అని హిందీలో చెప్పి, తన భాషలో మెల్లగా కలిపింది. "మోర్ నామ్ ఝన్ ఆవే బాబూ."

తన పేరు రాకూడదు. అది ఆమె షరతు. పేరు వస్తే మర్నాడు కాంట్రాక్టరు ఆమెని గేటు లోపలికి రానివ్వడు. అందుకే తన నంబరు నుంచి పంపదు, ఫోన్ ఎవరికీ ఇచ్చి పంపదు. ఇద్దరం పక్కపక్కనే నిలబడి ఉండగా ఆ వీడియో ఆమె ఫోన్ నుంచి నా ఫోన్‌లోకి నేరుగా రావాలి. పైగా మెసేజీలో పంపితే వీడియో పలచబడిపోతుంది, బోర్డు మీద తేదీ చదవడానికి రాదు. తీసింది తీసినట్టే కావాలి.

స్టాండు వెనక గోడ పక్కకి వెళ్ళి ప్రయత్నించాం. ఆమె ఫోన్ తెర మీద పక్క ఫోన్లని వెతికే గుర్తు గుండ్రంగా తిరుగుతోంది గాని నా ఫోన్ పేరు చూపించలేదు. ఆమె ఫోన్‌లో బ్లూటూత్ ఆపి మళ్ళీ వేశాను. వైఫై, లొకేషన్ చూశాను. ఫోన్ మొత్తం ఆపి తెరిచాను. చౌక ఫోన్ అనుకున్నాను. ఉత్త బ్లూటూత్‌లో పెడితే రెండూ జతపడ్డాయి గాని వీడియో పెద్దది, వందలో మూడో నాలుగో వంతులు వెళ్ళి ఆగిపోయింది. ఈలోగా షిఫ్టు మనుషులు సైకిళ్ళ కోసం రావడం మొదలైంది. ఆమె కొంగు సర్దుకుని ఫోన్ లాక్కుంది.

"మీ ఫోన్ కలవడం లేదమ్మా. తర్వాత చూద్దాం," అన్నాను.

అది అబద్ధం కాదు, నిజంగానే కలవలేదు. కానీ బండి మీద ఇంటికి వస్తుంటే వీపు మీంచి బరువు దిగినట్టనిపించింది. నేను ప్రయత్నించాను, మిషను కాదంది, నా తప్పు లేదు. అలా అనుకున్నాను. బుధవారం ఆమె నా వైపు చూసింది, నేను రిజిస్టరులోకి చూసుకున్నాను. గురువారం షెడ్డు వైపు వెళ్ళే పని ఉంటే ఇంకొకర్ని పంపాను. శుక్రవారం ఆసుపత్రి నుంచి దెబ్బ తగిలినతని భార్య ఫోన్ చేసింది.

"కాలు నల్లబడతంది బాబూ. ఏటి సేసీది?"

"ప్రయత్నం చేస్తున్నానమ్మా," అన్నాను. అప్పటికి మూడు రోజులుగా నేనేమీ చేయలేదు.

శనివారం రాత్రి అన్నాల దగ్గర నా భార్యకి సంగతంతా చెప్పాను. ఆమె పిల్లలకి ట్యూషన్లు చెప్పి అలిసిపోయి ఉంది. వింటూ పెరుగు కలుపుకుంది.

"ఊళ్ళోవాళ్ళ పాటలన్నీ పంపించారు కదా ఇన్నేళ్ళూ," అంది. "ఇది పంపడం రాలేదా?"

"మేనేజరు వద్దన్నాడు."

"అయితే అలాగే చెప్పండి. ఫోన్ కలవలేదనకండి."

కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్నే బయలుదేరాను. ధర్సీవా దాటాక పల్లె దారి అడుగుతూ అడుగుతూ ఆమె ఇంటికి చేరాను. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. "బైఠవ్ బాబూ," అని నులక మంచం వాల్చి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. టీ తాగి ఇద్దరం ఫోన్లు మంచం మీద పెట్టుకున్నాం.

మళ్ళీ అదే తిరగడం. నా పేరు రాలేదు. నేను మళ్ళీ ఆమె ఫోన్ తీసుకుని ఒక్కొక్కటీ వెతకడం మొదలుపెట్టాను. బ్యాటరీ ఆదా చేసేది ఆపాను. అనుమతులు చూశాను. ఇంకా ఏదో పీకబోతుంటే ఆమె అడ్డు పెట్టింది.

"నిన్న మా చెల్లెలి ఫోన్‌కి పెళ్ళి ఫొటోలన్నీ దీన్నుంచే పంపాను. ఒక్కటీ ఆగలేదు. మీదొకసారి చూసుకోండి బాబూ."

నాది చూసుకున్నాను. ఎవరికి కనిపించాలి అన్నచోట, ఎవరికీ వద్దు అని ఉంది.

అది నేను పెట్టుకున్నదే. ఆ వేసవిలో, టైమాఫీసు వరండాలో కూర్చున్న ప్రతివాడూ పొద్దస్తమానం నాకు దేవుడి బొమ్మలూ జోకులూ పంపుతుంటే విసిగి, సెట్టింగుల్లోకి వెళ్ళి అలా మార్చేశాను. మార్చిన సంగతి నిజంగా మరిచిపోయాను. కానీ ఎవరి ఫోన్ నా చేతికొచ్చినా రెండు వైపులా చూడాలని అందరికీ చెప్పేది నేనే. మంగళవారం నేను ఒక్కవైపే చూశాను. చౌక ఫోనున్న మనిషి ఎదురుగా ఉంది కాబట్టి తప్పు అటే ఉంటుందనుకున్నాను.

అందరికీ అని మార్చాను. వెంటనే ఆమె తెర మీద నా ఫోన్ పేరు వచ్చింది. ఆమె నొక్కింది, నేను ఒప్పుకున్నాను, వీడియో బయలుదేరింది. సగంలో ఆగింది. ఈసారి ముందు నాదే చూశాను. ఖాళీ లేదు. ఏళ్ళ తరబడి ఎవరెవరివో ఫైళ్ళు నా ఫోన్ మీదుగా దాటించినవి అలాగే పేరుకుని ఉన్నాయి. ఎండ మంచం మీదికి జరిగేదాకా కూర్చుని వాటిని తుడిచాను. ఆమె ఈలోగా వాకిట్లో బియ్యం చెరుగుకుంటూ, మధ్యమధ్యలో తలెత్తి అయిందా అని అడిగేది.

"హో గే?"

"ఇంకొంచెం."

రెండోసారి పెట్టినప్పుడు నిమిషం కూడా పట్టలేదు. వీడియో తెరిచి బోర్డు దగ్గర ఆపి పెద్దది చేశాను. సుద్ద అంకెలు శుభ్రంగా ఉన్నాయి. ఆమె కూడా వంగి చూసింది. అందులో తన గొంతు ఒకచోట వినిపిస్తోంది, ఎవర్నో నవ్వమంటోంది. ఆ ముక్క తీసెయ్యమంది. వీడియో కొయ్యకుండా, శబ్దం ఆపి చూపిస్తానని మాటిచ్చాను.

సోమవారం మేనేజరు గదిలో నా ఫోన్ ఆయన టేబుల్ మీద పెట్టి, శబ్దం ఆపి చూపించాను. ఆయన రెండుసార్లు చూశాడు.

"యే కిస్‌నే దియా?"

"నా ఫోన్‌లో ఉంది సార్," అన్నాను.

"ఎవరిచ్చారని అడుగుతున్నాను."

"నా ఫోన్‌లో ఉంది."

ఆయన ఫోన్ నా వైపు తోశాడు. ఇది బయటికి పోయిందా అని అడిగాడు. ఇంకా పోలేదన్నాను. ఆ 'ఇంకా' అన్నమాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు, ముందు అనుకుని వెళ్ళింది కాదు. మధ్యాహ్నానికి కాంట్రాక్టరుని పిలిపించారు. సాయంత్రానికి ప్రమాదం రిజిస్టరులో దెబ్బ తగిలినతని పేరు ఎక్కింది. రిపోర్టు నేనే రాశాను. మర్నాడు అతన్ని బీమా ఆసుపత్రికి మార్చారు.

రెండు నెలలు తిరక్కుండా నన్ను టైమాఫీసు నుంచి స్టోరుకి వేశారు. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బోల్టులు లెక్కపెట్టే ఆ గదిలోకి ఎవరూ ఫోన్లు తెచ్చేవారు కాదు. ఆ ఊడ్చే ఆమె పని పోలేదు. ఎదురుపడితే మామూలుగా నమస్తే అని వెళ్ళిపోయేది.

దెబ్బ తగిలినతనికి కాలు నిలిచింది గాని పొట్టిదయింది. ఎముక ఆలస్యంగా కూర్చోబెట్టడం వల్ల అలా అయిందని డాక్టరు అన్నాడని అతని భార్య చెప్పింది. ఇప్పుడు ఒక గోదాములో కాపలా పనిలో ఉన్నాడు. ఒకరోజు బజారులో ఇద్దరూ కనిపించారు. అతను కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆవిడ నన్ను ఆపి అతనికి చూపించింది.

"ఈ బాబే. ఈయన తిరక్కపోతే నీకా కాయితం వచ్చీది కాదు."

అతను దండం పెట్టాడు. ఎంత ఆలస్యమైతే కాలు అలా అవుతుందో, అందులో నా వల్ల పోయిన ఆ అయిదు రోజుల వాటా ఎంతో, డాక్టరుని అడిగితే తెలిసేదేమో. నేను అడగలేదు. ఆ మంగళవారం సంగతి వాళ్ళకి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఆ రోజు బజారులో, కూరగాయల సంచీ చేతిలో పట్టుకుని, పిల్లలు బాగున్నారా అని అడిగాను. బాగున్నారన్నారు. వాళ్ళ ఆటో వచ్చింది. అతను ముందు కర్ర లోపల పెట్టి, తర్వాత మంచి కాలు ఎక్కించి, ఆవిడ భుజం పట్టుకుని రెండోది లాక్కున్నాడు.